బండలాగుడు – చందాలాగుడు

చందా పుస్తకమునకు మించిన మహాస్త్రము కలియుగమున మరియొకటి లేదని నా దృఢవిశ్వాసము. దానిని చంకనిడుకొని వీధిలో అడుగుపెట్టినంతనే, అంతవరకు అరుగుమీద కాలుమీద కాలు వేసికొని దేశపరిపాలనలోని లోపములను ఒక్కొక్కటిగా సవరించుచున్న పెద్దమనుష్యులకు ఇంటిలోపల ఏదో అత్యవసర కార్యము జ్ఞప్తికి వచ్చును. ఏండ్ల తరబడి మాటలు లేని దాయాది సైతము ఎదురేగి, మనము నోరు తెరవకమునుపే మిరపతోటకు సోకిన తెగులును, బోరు అడుగంటిన వైనమును, అల్లుడు చేసిన అప్పులను ఆమూలాగ్రముగా విన్నవించి, తుదకు మనచేతనే అయ్యోపాపమనిపించుకొని, వీలైనచో మన జేబులోనిదే పదో పరకో బదులు పుచ్చుకొని పోవును. శత్రువులను చెదరగొట్టుటకు పూర్వపు రాజులు ఏనుగులను, గుర్రములను మేపినారట. ఒక్క రసీదు పుస్తకము అచ్చువేయించుకొన్నచో ఆ దాణా ఖర్చంతయు మిగిలియుండెడిది.

ఇట్టి ఆయుధమును నా చేతికిచ్చుటకు మా గ్రామపెద్దలు చెప్పిన కారణము నా దస్తూరి బాగుండుననుట. అసలు కారణము వేరు. బడిపంతులు వచ్చి అడిగినచో పాత విద్యార్థులు మొగమోటపడి ఇత్తురని వారి యూహ. ఆ విద్యార్థులకు తీసివేతలు నేర్పినవాడను నేనే కనుక, ఇచ్చినచో తమవద్ద ఎంత తరుగునో వారు క్షణములో లెక్కగట్టి చెప్పగలరను సంగతి పెద్దలకు తోచినది కాదు. కార్యము మాత్రము కాదనరానిది: మా బడిలో పిల్లలు త్రాగు నీటిని శుద్ధిచేయు యంత్రమొకటి, జనుల మాటలో ఫిల్టరు ప్లాంటు, పెట్టించవలెనని.

మా పడమటి ప్రకాశము నెరుగనివారికి ఆ ప్లాంటు అవసరమెట్టిదో కొంత చెప్పవలెను. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ ఏట ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు మమ్ము అందులో చేర్చిరి. అందువలన మాకు సముద్రమున్న జిల్లావారమను కీర్తి దక్కినది గాని, ఆ సముద్రమును చూడవలెనన్న బస్సులో ఒక పూట ప్రయాణము. పడమట నల్లమల అడవి; ఆ అడవిలో పుట్టిన గుండ్లకమ్మ మా ముంగిటనుండియే సాగిపోవును గాని, ఏటిలో ఎక్కువ నెలలు ఇసుకనే ప్రవహింపజేయును. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించెనని చెప్పుకొను కంభము చెరువొకటి కొండల నడుమ సముద్రమువలె ఉన్నది. ఆమె ఆ పుణ్యకార్యమును రసీదు పుస్తకము లేకయే సాగించెను కాబట్టి, తరువాతివారికి ఆ పద్ధతి అలవడలేదు. ఇక రాతికి మాత్రము మాకు కొదవలేదు. ఎన్నో తరముల బడిపిల్లలు ఓనమాలు దిద్దుకొన్న పలకలు మార్కాపురపు గనులనుండి వెలువడినవే. త్రవ్విన చోటనెల్ల పలకరాయి పడును; నీరు పడదు; పడినను అందులో ఫ్లోరైడు కలిసియుండి, త్రాగిన పిల్లల పండ్లమీద గోధుమరంగు చారలు దీర్చును.

ఈ వృత్తాంతమునంతయు నేను ఇంటింటను పురాణముగా చదివితిని. విన్నవారందరును కరిగిరి, ఇచ్చినవారు స్వల్పము. ఒక ఆసామి సావధానముగా అంతయు విని, "వెలిగొండ నీళ్ళొస్తా ఉంటే మళ్ళా ఈ ప్లాంటెందుకు సారూ? అనవసరంగా డబ్బులు దండగ గదా!" అని నా అమాయకత్వమునకు జాలిపడెను. శ్రీశైలము జలాశయమునుండి కొండలక్రింద సొరంగములు తొలిచి కృష్ణాజలములను మా మెట్టభూములకు తెచ్చు ఆ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆ ఏట పుట్టిన బాలుడు ఈనాడు తన బాలుని చేయిపట్టుకొని మా బడిలో చేర్చుటకు వచ్చుచున్నాడు. ఆ మాట అనగా, "అన్నేళ్ళు ఆగినోళ్ళం, ఇంకో రెండేళ్ళు ఆగలేమా?" అనెను. ఓర్పు విషయమున మా ప్రాంతమువారితో వాదించి గెలుచుట దుర్లభము.

ఇట్లుండగా మహాశివరాత్రి సమీపించినది. మా వైపున శివరాత్రి యనగా త్రిపురాంతకమునకు కాలినడకన పోవువారు కొందరు, జాగరణము చేయువారు కొందరు. తక్కినవారికెల్ల శివుడు కనిపించునది ఆయన వాహనమునందే. తిరునాళ్ళలో ఒంగోలు జాతి గిత్తల బండలాగుడు పోటీ జరుగును. ప్రపంచమునకు ఒలింపిక్సు నాలుగేండ్లకొక తూరి. మాకు ప్రతి తిరునాళ్ళకును వచ్చును. లారీలలో రాత్రంతయు ప్రయాణముచేసి నంద్యాల, గుంటూరు వైపులనుండి సైతము జతలు దిగును. వానిని పండ్లనుబట్టి తరగతులుగా విభజింతురు: పాలపండ్లవి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి, ఆపైన సీనియర్లు. కమిటీవారు ప్రతి గిత్త మూతిని రెండు చేతుల విప్పి, అనుమానము తీరువరకు పండ్లు పరీక్షింతురు. మా గ్రామమున పండ్లు చూపించుకొను భాగ్యము గిత్తలకే కలదు. పిల్లల పండ్లను చూడుడని రసీదు పుస్తకముతో తిరిగిన నాకు ఒక్కడును మెడ సాచి చూచినవాడు లేడు.

పోటీ విధానము సులభము. చదునుచేసిన బరి, దానికి రెండువైపుల త్రాళ్ళు, త్రాళ్ళవెనుక జనము, జనమువెనుక చెట్లు, చెట్లమీద మరల జనము. క్వింటాళ్ళ బరువుగల రాతిబండకు మోకు తగిలించి, జతను కాడికి కట్టి, ఈల ఊదుదురు. నిర్ణీతమైన నిమిషములలో ఆ బండను ఒక కొననుండి మరియొక కొనకు, అటనుండి మరల ఈ కొనకు ఎంతదూర మీడ్చినవో అడుగులు, అంగుళములతో టేపుపెట్టి కొలుతురు. బండ బయలుదేరిన చోటికే వచ్చి చేరుటయు కద్దు. దానివలన ఒక సెంటు భూమి దున్నబడదు. ఒక బస్తా ధాన్యము ఇలు చేరదు. కాని మొదటి బహుమతి ఇచ్చు దాతయెవరు, రెండవదెవరు, తొమ్మిదవదెవరు అని ఊరిలో పదిదినములు ముందుగనే తగవులు జరుగును. పిల్లల నీటికి నూటపదార్లు అడిగినప్పుడు జేబు తడుముకొని "చిల్లర లేదు సారూ" అనిన చేయియే, బండకు వేలకు వేలు తీసి, "మైకులో మా నాయన పేరు కూడా చెప్పించండి" అని అందించెను.

ఇందు మావారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. సమస్తలోకమును ఇట్లే యున్నది. 1908లో లండను ఒలింపిక్సులో డొరాండో పియెట్రి అను ఇటలీదేశపు పరుగుపందెగాడు మారథానులో అందరికన్న ముందు క్రీడారంగము ప్రవేశించి, సొమ్మసిల్లి పలుమార్లు పడిపోగా, అధికారులు లేవనెత్తి గీత దాటించిరి; పరసాయము పొందెనని బహుమతి తీసివేసిరి. ఆ దృశ్యమును ప్రేక్షకులలో కూర్చుండి చూచిన షెర్లాక్ హోమ్సు సృష్టికర్త ఆర్థర్ కోనన్ డాయిల్, పత్రికలో చందా పట్టిక తెరిచి, తొలుత తాను అయిదు పౌండ్లు వేసి, అతడు స్వగ్రామమున రొట్టెల దుకాణము పెట్టుకొనుటకు మూడువందల పౌండ్లకు పైగా ప్రోగుచేసెను. అదే లండనులో అదేకాలమున తిండిలేక సొమ్మసిల్లి పడినవారు వీధివీధిని ఉండిరి. కాని వారు పడునప్పుడు ఎంతదూరము నడచి పడిరో కొలిచినవాడు లేడు.

ఆ నగరముననే 1981లో మొదలైన మారథాను నేటికి ధర్మకార్యములకు నూరుకోట్ల పౌండ్లకు మించి సమకూర్చినది. ఖడ్గమృగములను రక్షింపవలెనని కొందరు మహానుభావులు ఖడ్గమృగపు వేషము ధరించి, ఆ కొమ్ము బరువుతోనే 42 కిలోమీటర్ల 195 మీటర్లు పరుగెత్తుదురు. వారి బంధుమిత్రులు పరుగు పూర్తిచేసినచో ఇంత యిత్తుమని ముందుగా వాగ్దానము చేసియుందురు. కెనడాలో టెరీ ఫాక్స్ అను యువకుడు క్యాన్సరువలన కుడికాలు పోగొట్టుకొని, కృత్రిమ కాలితో 1980లో 143 దినములు పరుగెత్తి, 5,373 కిలోమీటర్లు గడచి, వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకగా ఆగిపోయెను. దేశమందలి తలకొక డాలరు రావలెనని ఆయన కోరిక, అది వచ్చినది. ఆయన విషయమున పరిహాసమునకు నాకు నోరు రాదు. కాని ఆసుపత్రులలో అదే వ్యాధితో మంచముమీదనే పోరాడినవారికి కిలోమీటర్లు లేవు గనుక, జనులు వారిని ఆయన పరుగులోనే చూడగలిగిరని మాత్రము చెప్పుదును.

మనదేశమును చూడుడు. 1983 జూన్ 25న మనవారు లార్డ్సులో వెస్టిండీసును 43 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు గెలిచిరి; వారికి బహూకరించుటకు క్రికెట్టు బోర్డుకడ తగిన సొమ్ము లేకపోగా, లతా మంగేష్కరు ఢిల్లీలో కచేరి చేసి ఇరువది లక్షలు సమకూర్చినది, ఆటగానికొక లక్ష ముట్టినది. భారతజట్టుకు తొలి టెస్టు నాయకుడు, మన తెలుగువాడు సి.కె.నాయుడుగారు 1963-64లో, అరువదియెనిమిదేండ్ల ప్రాయమున, ధర్మార్థముగా జరిగిన పోటీలో మరల బ్యాటు పట్టిరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చివేయగా, నవంబరు 30న తెలుగు సినిమాతారలు 'మేము సైతం' అని గుమిగూడి పాటలు పాడి, క్రికెట్టు ఆడి, పదకొండు కోట్లకు పైగా ప్రోగుచేసిరి. కూలిన ఇండ్లను దూరదర్శనములో నెలదినములుగా చూచుచున్న జనులే, తారలు పరుగులు తీసిననాడు జేబులు విప్పిరి. కావున నేను తేల్చుకొన్నదేమనగా, మనుష్యుడు కష్టమును చూచి కరుగును గాని ఇయ్యడు. కష్టమును ఎవడైన కొలిచి, ఆ కొలతను మైకులో చదివినప్పుడు ఇచ్చును.

ఈ సూత్రము నాకు పుస్తకములలో దొరికినది కాదు. బండ ప్రక్కన దొరికినది. శివరాత్రి మరునాటి మధ్యాహ్నము బరి చివర ఒక బల్ల వేసికొని, దానిమీద రసీదు పుస్తకమును, పిల్లలు చక్కగా వ్రాసిన అట్టను ఉంచి కూర్చుంటిని. చెరకురసపు బండికి నాకు నడుమ పదిగజములు. రసముకొరకు వచ్చినవారు చిల్లరకై నావద్దకు వచ్చుచుండిరి. వ్యాఖ్యాత దయదలచి జతకు జతకు నడుమ, "అలాగే మన బడిపిల్లల మంచినీళ్ళ కోసం సారుగారు అక్కడ కూర్చున్నారు" అని చెప్పెను. అందరును నావైపు తిరిగి, నేను కూర్చున్నమాట నిజమేనని చూచుకొని, మరల బరివైపు తిరిగిరి.

మొదటి బహుమతి దాత ఆనాడు మా ఊరి మిరప వ్యాపారి యొకడు. ఆయన పేరు మైకులో వచ్చినప్పుడెల్ల, ఎదుటి షామియానాలో కూర్చున్న ఆయన బావగారికి, ఆయనయు మోతుబరియే, ముఖము కొంచెము కొంచెముగా నల్లబడుచుండెను. అది ఏడవతూరియో ఎనిమిదవతూరియో, బావగారు తటాలున లేచి, తువ్వాలు భుజముమీద విసరుకొని వచ్చి, మైకు పుచ్చుకొని, "సారు నీళ్ళ ప్లాంటుకు, ఇప్పుడు వచ్చే జత ఎన్ని అడుగులు లాగితే అడుగుకు పది రూపాయలు లెక్కన నేనిస్తా! రాసుకోండి!" అని గర్జించెను. జనము ఈలలు వేసినది. నేను వ్రాసికొంటిని. ఆ రాబోవు జతను ఆయన ముందుగనే పరికించి యుండెనని నాకు తరువాత తెలిసినది: నిద్రలేమితో కన్నులు గుంటలుపడి, ప్రక్కటెముకలు లెక్కింపవచ్చునట్లున్న తెల్లని గిత్తలు, పగ్గము పట్టిన రైతు ఇంకను బక్కవాడు. వేయి అడుగులు దాటవని ఊరంతయు అనుకొనుచుండెను.

ఈల మ్రోగినది. గిత్తలు మోకాళ్ళమీదికి వంగి ఒక్కపెట్టున బండను పెకలించినవి. మొదటి వేయి అడుగులవరకు బావగారు చప్పట్లు చరచుచుండెను. పదునైదువందలకు చేతులు ముడుచుకొనెను. రెండువేలు దాటినప్పుడు ఆయనలో ఏనాడును కనబడని జీవకారుణ్యము మేల్కొన్నది. "ఏందబ్బా ఈ అన్యాయం, ఎండ చూడండి, మూగజీవాలు సచ్చిపోతయ్యి! ఆపండ్రా అబ్బయ్యా!" అని త్రాటిని పట్టుకొని కేకలు వేయసాగెను. అటువైపున బావమరదియైన ఆ మిరప వ్యాపారి లేచి నిలుచుండి, "అడుగుకు పది! అడుగుకు పది!" అని జనమును ఉసికొల్పుచుండగా, జనము గొంతెత్తి అందుకొనగా, ఆ కేకలు తమకేయని భ్రమసి గిత్తలు మరింత ఊపు తెచ్చుకొనినవి. బావగారి ముఖమున శాంతిమంత్రములు మొలకెత్తుచుండెను. మూడువేలకు ఆయన నా బల్లకడకు వచ్చి, "సారూ, గడియారం సరిగ్గా నడస్తాందా?" అని మెల్లగా అడిగెను. కాలము కొంచెము నెమ్మదిగా నడచుచున్నదని నాకును తోచినది గాని, బడికి ఉపకారముగా నడచుచున్న కాలమును ఏల తొందరపెట్టవలెనని ఊరకుంటిని.

ఇరువది నిమిషములు ముగిసి, గిత్తలు నోట నురుగులు క్రక్కుచు ఆగినవి. కొలతగాండ్రు టేపు పరచి, మూడువేల పైచిలుకు అడుగులు, ఆపైన నాలుగు అంగుళములని ప్రకటించిరి. బావగారు ఆ అంగుళములను లెక్కలోనికి తీసికొనుటకు శాస్త్రము ఒప్పుకొనదని వాదించెను. బండ అంచునుండి కొలువవలెనా, మధ్యనుండి కొలువవలెనా అను మీమాంస సాయంకాలమువరకు సాగి, మధ్యవర్తులు అంగుళములను దేవునికి వదలివేసి అడుగులకు తీర్పుచెప్పిరి. సొమ్ము వెంటనే రాలేదు. మిరపకాయలు అమ్మిన తరువాత వచ్చెను. అయినను వచ్చెను, అందులో బావమరది ఎదుటనే ఇచ్చితిననిపించుకొనవలెనని ఆయనను ఇంటికి పిలిపించి మరీ ఇచ్చెను. దానిని మిషగా బావమరది తానును ఒక వాయిదా కట్టెను. తక్కిన లోటు పూరించుటకు నేను తిరుగవలసిన ఇండ్లు చాలవరకు తగ్గినవి. యశస్సు కొరకైనను, పగకొరకైనను ఇచ్చిన సొమ్ముతో వచ్చిన నీరు పిల్లలకు ఒకే రుచిగా ఉండును.

గిత్తలకు మాత్రము ఆ రాత్రి ఉలవలు, బెల్లము పెట్టిరి. వాని కాళ్ళకు వేడినీళ్ళ కాపడము పెట్టి, నొసట కుంకుమ దిద్ది, రైతు తల నిమిరెను. అవి లారీ ఎక్కునంతవరకు చూచి ఇంటికి మరలుచుండగా నాకొక లెక్క తోచినది. లెక్కల పంతులునకు తోచకుండునా! మా ఊరి పడమటి వాడనుండి ఎండకాలమున ఆడువారు నీటికి పోవు బోరు అరకిలోమీటరు దూరమున ఉన్నది. పోయిరాగా ఒక కిలోమీటరు, అనగా 3,280 అడుగులు. ఒక్క బిందె నీటికి ఒక్కొక్క ఇల్లాలు, ఊరంతయు ఈలలు వేసిన ఆ మహాజత ఈడ్చిన దూరమునే నడచుచున్నది. అదియు ప్రొద్దుట రెండుతూరులు, సాయంకాలము రెండుతూరులు. ఆమెకు ఈల ఊదువాడు లేడు, టేపు పట్టువాడు లేడు. దింపిన బిందెప్రక్కననే పొయ్యి రాజవేయవలెను, ఉలవలు ఉడుకపెట్టవలెను గాని, తినుట గిత్తల వంతు. అడుగుకు పది రూపాయల చొప్పున ఒక్క బిందెకు ముప్పదిరెండువేల ఎనిమిదివందలు పలుకును.

ఈ గణితమును నేను కమిటీ సమావేశమున వినిపించి, వచ్చే తిరునాళ్ళకు గిత్తలతోపాటు బిందెల పోటీ కూడ పెట్టి, ఆడువారి నడకను కొలిచి, అడుగుకింతయని దాతలచేత వ్రాయించినచో, ఒక్క బడికే గాదు, వాడవాడకు ప్లాంటు పెట్టవచ్చునని ప్రతిపాదించితిని. కొందరు యువకులు తలలూపిరి. మొదట లేచినవాడు మన బావగారే. అనుభవశాలి గనుక అందరును చెవులు నిక్కించిరి.

"అట్టాంటి పోటీ పెట్టబాకండి సారూ," అని ఆయన చేతులు జోడించెను. "గిత్తలంటే ఇరవై నిమిషాలకు ఆగినయ్యి. ఆడోళ్ళ నడక అడుగుకు పదని మైకులో ఒక్కసారి అన్నారంటే, మొదట మా ఇంట్లోదే టేపు పట్టుకొని నా ముందర నిలబడద్ది. పెళ్ళైనకాడి నుంచి లెక్కగడితే పొలం అమ్మినా తీరదు."

ఆ సంవత్సరము మా కమిటీ ముందుకు వచ్చిన జమాఖర్చులన్నింటిలో నాకు తప్పు దొరకనిది అదియొక్కటే. దానిని యథాతథముగా మినిట్సు పుస్తకమున వ్రాసి సంతకములు చేయింపవలెనని కోరితిని. అధ్యక్షులవారు ఒకసారి తమ ఇంటివైపు చూచి, గొంతు సవరించుకొని, ఆ అంశమును వచ్చే శివరాత్రికి వాయిదా వేసిరి.